ఖాళీ స్థలమా? ఏ నెలలో?

మన హాస్టల్లో ఎవర్నైనా ఆదివారం పూట హార్బర్ వైపు ఎందుకెళ్తున్నావని అడిగితే వచ్చే జవాబులు మూడే: చేపల వేపుడు, బీచ్ రోడ్డు, రీల్స్. నా దగ్గర నాలుగో జవాబు ఒకటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడి బురద మేటల మీద దిగే పిట్టల్ని లెక్కపెట్టి, తేదీ వేసి రాసిపెట్టడానికి వెళ్లాలి. ఎవరి హాబీ వాళ్లదిలే అని పేజీ తిప్పేయకండి. రేపు డీపీఆర్‌లు, పర్యావరణ నివేదికలు తయారుచేసే టేబుళ్ల దగ్గర కూర్చునేది మనమే. అందుకే ఇది మన పని అంటున్నా.

మాది ముద్దనూరు, కడప జిల్లా. సముద్రం చూడాలంటే తిరుపతి మొక్కు తీర్చుకున్నాక ఇంకా ముందుకు పోవాల్సిన ఊరు. మాకు తెలిసిన పెద్ద నీళ్లంటే జమ్మలమడుగు అవతల పెన్న మీద కట్టిన మైలవరం రిజర్వాయరే. స్వాతి కార్తె వచ్చేసరికి కాటుక పిట్ట తోకాడించుకుంటూ మా వాకిట్లో తిరిగేది. మైలవరం నీళ్లలో బాపన బాతులు కనబడేవి. "ఈ పిట్ట వచ్చిందంటే సలి వచ్చినట్టే" అనేది మా జేజి. యాడినుంచి వస్తాదో మేమెవరమూ అడగలేదు. వస్తాది, పోతాది, అంతే.

కాకినాడ వచ్చిన మొదటి సంవత్సరం ఫిషింగ్ హార్బర్ దగ్గర కుంభాభిషేకం వైపు ఒక సీనియర్ అన్న తీసుకెళ్లాడు. నీళ్లు వెనక్కి పోయి ఉన్నాయి. ఎదురుగా బూడిద రంగు బురద. ఆర్‌టీపీపీ బూడిద చెరువులు చూసి పెరిగినవాణ్ణి కదా, నాకది అచ్చం అలాగే కనిపించింది. అన్న బైనాక్యులర్ చేతిలో పెట్టాక ఆ బురద కదలడం మొదలుపెట్టింది.

ఇక్కడ కొంచెం సివిల్ ఇంజినీరింగ్ మాట్లాడుకుందాం. గోదావరి మోసుకొచ్చిన ఇసుక మేట వేసి హోప్ ఐలాండ్ అయింది. సుమారు 16 కిలోమీటర్ల పొడవు. అది బంగాళాఖాతం అలలకు అడ్డంగా పడుకోబట్టే కాకినాడ తీరం ఓడలకు ప్రశాంతమైన రేవు అయింది. ఏ కాంట్రాక్టరూ కట్టని బ్రేక్‌వాటర్ అది. అలల తాకిడి లేనిచోట సన్నటి ఒండ్రు కిందికి దిగుతుంది, బురద మేటలు ఏర్పడతాయి, వాటి వెనక మడ అడవి పెరుగుతుంది. కోరింగ అభయారణ్యం ఆ పక్కనే, 1978లో ప్రకటించారు. అంటే ఓడలను ఇక్కడికి రప్పించిన కారణమే పిట్టలనూ రప్పించింది. రేవుకూ పిట్టలకూ పుట్టు వైరం ఏమీ లేదు.

ఆ బురద వాలు 1:500 అనుకోండి. పోటుకూ పాటుకూ ఒక్క మీటరు తేడా ఉంటే అర కిలోమీటరు నేల బయటపడుతుంది. ఆ అర కిలోమీటరులో పురుగులు, చిన్న ఆల్చిప్పలు, పీత పిల్లలు. వాటిని పంచుకోవడం చూస్తే మన మెస్ కమిటీ సిగ్గుపడాలి. ప్లోవర్లది పొట్టి ముక్కు. పైపైన కదిలేదాన్ని కంటితో పసిగట్టి పరుగెత్తి పట్టుకుంటాయి. ఉల్లంకి జాతి చిన్న పిట్టలు మరికొంచెం లోపలికి గుచ్చుతాయి. గాడ్‌విట్ ఇంకా లోతుకు. కర్లూ ముక్కు అయిదారు అంగుళాలుంటుంది, కొడవలిలా కిందికి వంగి. దానికి అందే పురుగు ఇంకెవరికీ అందదు. ఒకే బురదలో ఇన్ని అంతస్తులు.

గాడ్‌విట్ సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 2022 అక్టోబరులో అలాస్కా నుంచి బయల్దేరిన ఒక బార్-టెయిల్డ్ గాడ్‌విట్ ఎక్కడా వాలకుండా 11 రోజులు ఎగిరి టాస్మానియాలో దిగింది. దూరం 13,560 కిలోమీటర్లు. వయసు అయిదు నెలలు. తోవ చూపించే పెద్దలెవరూ అక్కర్లేదు దానికి. ఈ జాతి ప్రయాణానికి ముందు ఒంట్లో కొవ్వు నింపుకుంటుంది, బరువు తగ్గడానికి తన పొట్టనూ పేగులనూ కుదించుకుంటుంది. మన తీరానికి వచ్చే గాడ్‌విట్‌లు అలాస్కావి కావు, సైబీరియా వైపునుంచి వచ్చేవి. దూరం తక్కువే గానీ సూత్రం ఒకటే. దిగినచోట తిండి ఉండి తీరాలి. పేగులు కుదించుకుని వచ్చినవాడికి "ఇక్కడ బంద్, పక్క ఊళ్లో చూస్కో" అంటే వాడు పక్క ఊరిదాకా వెళ్లలేడు.

"ఇక్కడ పూడ్చేస్తే పిట్టలు ఇంకోచోటికి పోతాయి లేవోయ్" అని మా క్లాసులోనే ఎంతోమంది అంటారు. ఆ ప్రయోగం దక్షిణ కొరియాలో జరిగిపోయింది. సేమాంగుమ్ అనే చోట 33 కిలోమీటర్ల పైచిలుకు సముద్రపు కట్ట కట్టి 2006లో నోరు మూసేశారు. ప్రపంచంలోనే అతి పొడవైన కట్టల్లో ఒకటి. ఇంజినీరింగ్‌గా గొప్ప పనే, కాదనను. కానీ గ్రేట్ నాట్ అనే పిట్టకు ఆ బురద ముఖ్యమైన మజిలీ. కట్ట మూశాక అక్కడ వేలకు వేలు మాయమయ్యాయి. పక్క మేటల్లో ఆ మేరకు పెరగలేదు, చలికాలం గడిపే ఆస్ట్రేలియాలోనూ సంఖ్య పడిపోయింది. ఇంకోచోటికి పోలేదన్నమాట. పోయాయి, అంతే. ఇప్పుడు ఆ పిట్ట అంతరించే ప్రమాదమున్న జాబితాలో ఉంది. ఆ గ్రేట్ నాట్ మన కాకినాడ బురదకూ వస్తుంది.

పని ఎక్కడ చెడుతుందంటే, తేదీల దగ్గర. మన దేశంలో పర్యావరణ ప్రభావ నివేదికకు చాలా ప్రాజెక్టుల విషయంలో వర్షాకాలం కాని ఏదో ఒక సీజన్ డేటా ఉంటే సరిపోతుంది. మార్చి నుంచి మే వరకు తీసుకున్నా చెల్లుతుంది. ఏప్రిల్ చివర, మే ఎండలో వెళ్లి ఈ బురదను చూడండి. వలస పిట్టల్లో ఎక్కువ భాగం వెళ్లిపోయి ఉంటాయి. నివేదికలో "కాకి, గోరువంక, తెల్లకొంగ" అని రాస్తారు. అది అబద్ధం కాదు, ఆ నెలలో అక్కడున్నవి అవే. ఇక ఉత్తరం నుంచి వచ్చే మొదటి గుంపులు దిగేది ఆగస్టు, సెప్టెంబరుల్లో, అంటే లెక్కలోకి తీసుకోని వర్షాకాలంలో. కొన్ని ఇక్కడ రెండుమూడు వారాలు మేసి ఇంకా దక్షిణానికి పోతాయి. ఆ రెండుమూడు వారాలు ఎవరి క్యాలెండర్లోనూ లేవు. నీటిపక్షుల గణన అని ఆసియా అంతటా 1987 నుంచీ ఏటా జరుగుతోంది, మంచి పని. కానీ అది జనవరిలో. శరత్తులో వచ్చిపోయే బాటసారులు జనవరి దాకా ఆగవు.

అలా రాసుకున్న నేలకు మనం పెట్టే పేరు "ఖాళీ స్థలం". కాకినాడలో 2020లో దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లున్న నేలను చదును చేయడం మొదలైతే గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇల్లు లేనివాడికి ఇల్లు కావాలి, అందులో రెండో మాట లేదు. ఆ ఇల్లు మడలోనే ఎందుకు వచ్చిందంటే, ఆ నేల ఎవరి లెక్కలోనూ లేదు కాబట్టి. మావైపు దాని పేరు "బంజరు". హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్‌లో ముళ్లపొదల నేల ఉంటుంది, తీరపు ఇసుక ఉంటుంది, నీరు నిలిచే చిత్తడి కూడా ఉంటుంది. మా ఊరి చుట్టూ ఉన్నదీ, ఇక్కడ హాస్టల్ పక్కనున్నదీ ఒకే పుస్తకంలోకి ఎక్కాయి. నేను రెండు చోట్లా ఉన్నా కాబట్టి నాకు కొంచెం ఎక్కువ మండుతుంది.

బంజరులో ఏముంటుందంటారా? కలివి కోడి ఉంది. జెర్డాన్స్ కోర్సర్. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న పిట్ట. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు బొమ్మలు పట్టుకుని మా జిల్లా పల్లెల్లో తిరిగి అడిగితే, ఇది మాకు తెలుసన్నవాళ్లు దొరికారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నారు. శాస్త్రవేత్త భరత్ భూషణ్ దాన్ని నిర్ధారించారు. లంకమల అభయారణ్యం ఆ తర్వాత వచ్చిందే. ఎనభై ఆరేళ్లు ఎందుకు కనబడలేదు? అది రాత్రి తిరిగే పిట్ట. చూసేవాళ్లు పగలు వెళ్లారు. కలివి పొదల కింద రాత్రి ఏం తిరుగుతుందో ఐతన్నకు తెలుసు, మ్యాపులకు తెలియదు.

2005లో తెలుగుగంగ కాలువ పనులకు ఆ పొదల్లోకే యంత్రాలు దిగాయి. అప్పటికే అక్కడ పరిశోధకులు నేలమీద మెత్తటి మట్టి పట్టీలు పరిచి కాలిముద్రలు నమోదు చేసి పెట్టుకున్నారు. ఫలానా చోట ఫలానా తేదీన ఉంది అని కాగితం ఉండబట్టే పని ఆగింది, కాలువ దారి మార్చారు. నీళ్లూ ఆగలేదు. సీమవాణ్ణి, కాలువ వద్దని నేనెప్పుడూ అనను. మా నాయన జీతం థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు పనిది, నా ఫీజు అందులోంచే. దారి మార్చడమూ ఇంజినీరింగే అంటున్నా. మార్చాలంటే ముందు అక్కడ ఏముందో తెలియాలి కదా.

మా మైలవరం మండలంలో వచ్చిన సోలార్ పార్క్‌ది ఇంకో కథ. సోలార్ పలకల ప్రాజెక్టులకు 2006 నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అంటే ఒక్క సీజన్ లెక్క కూడా అక్కర్లేదు. కరెంటు మంచిదే కాబట్టి నేల గురించి అడగక్కర్లేదట. ఈ తర్కం నాకు ఇప్పటికీ ఎక్కదు.

తీరానికి మాత్రం ఒక చట్టం అండ ఉంది. తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో జీవం చురుగ్గా ఉన్న బురద మేటలను, మడ అడవులను అత్యంత సున్నితమైన వర్గంలో పెట్టారు. "జీవం చురుగ్గా ఉన్న" అన్న ఆ మాటను ఎవరు నిరూపించాలి? కోర్టులో లాయరు గొంతు చించుకుంటే సరిపోదు. అక్టోబరు ఫలానా తేదీ, ఉదయం ఏడున్నర, పోటు ఎక్కుతోంది, ఈ జాతి ఇన్ని, ఆ జాతి అన్ని అని వరసగా అయిదేళ్ల లెక్క ఉంటే అది మాట్లాడుతుంది. ఈబర్డ్‌లో ఆ లెక్క ఎవరైనా పెట్టొచ్చు. డిగ్రీ అడగదు. మన కాలేజీలో బ్యాచ్ వెనక బ్యాచ్ వస్తూనే ఉంటుంది, అయిదేళ్లేం ఖర్మ, యాభై ఏళ్ల లెక్క ఉండొచ్చు. ప్రతి బ్యాచ్‌లో నలుగురు చాలు.

మిడ్స్ ఉన్నాయంటారు. తెలుసు. రెండు గంటల పని. పాటు పూర్తిగా ఉన్నప్పుడు వెళ్తే పిట్టలు దూరంగా చుక్కల్లా కనబడి విసుగొస్తుంది. పోటు ఎక్కుతున్నప్పుడు నీళ్లే వాటిని మనవైపు తోసుకొస్తాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో ఈ తోపుడు ఎక్కువ. సూర్యుడు వెనకుండాలి. గుంపులో పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో చూసి మొత్తాన్ని అంచనా వేయాలి, సర్వేయింగ్ ల్యాబ్‌కంటే తేలిక. పేరు తెలియకపోతే "తెలియని చిన్న ఉల్లంకి, 40" అని రాయండి, అదీ డేటానే. ఏమీ లేకపోతే సున్నా వేయండి. వలలు బాగుచేసుకునేవాళ్లను పలకరించండి, వాళ్లు ఏ పిట్టను ఏమని పిలుస్తారో అడిగి అదే మాట రాసుకోండి. సాహితీ క్లబ్బువాళ్లం, కనీసం ఆ పనైనా మనది. కలివి కోడి పేరు తెలిసినవాళ్లకే ఆ పిట్ట దొరికింది మరి.

కింది ముక్కు పైదానికంటే పొడుగ్గా ఉండి, నీటిని దున్నుతున్నట్టు ఎగిరే ఇండియన్ స్కిమ్మర్ కోసం నేనింకా ఎదురుచూస్తున్నా. ఈ తీరానికి అవి గుంపులుగా వస్తాయి. రెండేళ్లయినా నాకు దూరం నుంచి ఎర్రముక్కు కనబడ్డదే తప్ప దున్నడం కనబడలేదు.

రెండ్రోజుల సెలవుకు ముద్దనూరు పోయి రావడం కుదరదు కాబట్టి దీపావళి అమావాస్యకు నేను ఇక్కడే. తెల్లారి అయిదున్నరకు హాస్టల్ గేటు దగ్గర ఉంటా. బైనాక్యులర్లు రెండే, వంతులు వేసుకుందాం. తెల్ల చొక్కాలు వద్దు. బురద కాబట్టి మంచి షూ కూడా వద్దు. పోటు ఎన్నింటికో ముందురోజు రాత్రి టైడ్ టేబుల్ చూసి గ్రూపులో పెడతా.