ప్రజలతో మైత్రి సరే.. ముందస్తు సమాచారమేదీ?

- కాశీబుగ్గ ఎస్సై మానవతకు 2021లో దేశవ్యాప్త ప్రశంసలు
- 2025లో అదే పట్టణంలో తొక్కిసలాట.. తొమ్మిది మంది దుర్మరణం
- వ్యక్తుల చొరవతోనే నెట్టుకొస్తున్న ప్రజా పోలీసింగ్

కాశీబుగ్గ (శ్రీకాకుళం జిల్లా): ఒకే పట్టణం, ఒకే పోలీసుస్టేషన్ పరిధి. 2021 ఫిబ్రవరిలో పొలాల గట్లపై గుర్తు తెలియని వృద్ధుని మృతదేహాన్ని భుజాన మోసిన మహిళా ఎస్సైని చూసి దేశమంతా చేతులెత్తి నమస్కరించింది. 2025 నవంబరు 1న కార్తీక ఏకాదశి నాడు అదే కాశీబుగ్గలో వేంకటేశ్వరుని దర్శనానికి వెళ్లిన తొమ్మిది మంది తొక్కిసలాటలో ప్రాణాలు విడిచారు. మొదటి ఘటన పోలీసుకు ప్రజలపై ఉన్న దయను చాటితే, రెండోది పోలీసుకు, ప్రజలకు మధ్య సమాచార వారధి ఎంత బలహీనంగా ఉందో బయటపెట్టింది. ప్రజలతో మమేకమవుతున్నామని పోలీసు శాఖ చెబుతున్న వేళ ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి పరిశీలించాల్సిన అవసరం ఏర్పడింది.

మెచ్చదగిన పని

కాశీబుగ్గ పరిధిలోని అడవికొత్తూరు పొలాల్లో ఓ వృద్ధుడు మరణించి ఉన్నట్లు 2021 ఫిబ్రవరి 1న పోలీసులకు సమాచారం అందింది. వాహనం వెళ్లే దారి లేదు. మృతదేహాన్ని తాకేందుకు స్థానికులు ముందుకు రాలేదు. అప్పటి ఎస్సై కె.శిరీష తానే ఓ వైపు పట్టుకుని, స్వచ్ఛంద సంస్థ కార్యకర్త సాయంతో సుమారు రెండు కిలోమీటర్లు పొలం గట్ల మీదుగా మోసుకొచ్చారు. అంత్యక్రియలకూ సహకరించారు. ఆ దృశ్యాలు దేశమంతటా ప్రచారం పొందాయి. నాటి డీజీపీ గౌతం సవాంగ్ ఆమెను అభినందించారు.

జిల్లా పోలీసు శాఖకు ఇలాంటి కీర్తి కొత్తేమీ కాదు. 2016 మేలో ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించిన జి.ఆర్.రాధిక తరువాతి కాలంలో శ్రీకాకుళం ఎస్పీగా పనిచేశారు. ఎవరెస్టు ఎక్కే నాటికి ఆమె ఆదిలాబాద్‌లో అదనపు ఎస్పీ. వెనుకబడిన జిల్లాగా పేరుబడ్డ సిక్కోలులో బాలికలు పోలీసు ఉద్యోగం వైపు చూడటానికి ఇలాంటి అధికారిణుల ఉదాహరణలు దోహదపడతాయనడంలో సందేహం లేదు. అయితే ఒక అధికారి సాధించిన ఘనత ఆ అధికారి బదిలీతోపాటే జిల్లా దాటిపోతుంది. స్టేషనులో మిగిలేదేమిటన్నదే ప్రశ్న.

తుపాను వస్తే అంతా సిద్ధం

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు ఈ జిల్లాను కుదిపేశాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కూలిన చెట్లతో రహదారులు మూసుకుపోయాయి. ఆ అనుభవాల నుంచి యంత్రాంగం పాఠాలు నేర్చుకుంది. నేడు తుపాను హెచ్చరిక వెలువడితే ఏ పల్లెను ఖాళీ చేయించాలి, ఏ పాఠశాలలో ఆశ్రయం కల్పించాలి, రంపాలు, జేసీబీలు ఎక్కడ ఉంచాలి అన్నది ముందే ఖరారవుతోంది. వేటకు వెళ్లిన పడవల వివరాలు మత్స్యకార గ్రామాల నుంచి మెరైన్ పోలీసులకు చేరుతున్నాయి.

2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం ప్రాంతంలో తీరం దాటిన మొంథా తుపాను సమయంలోనూ రాష్ట్రమంతటా ఇదే కట్టుదిట్టం కనిపించింది. తీర ప్రాంతాల్లో అధికారులు రేయింబవళ్లు అప్రమత్తంగా ఉన్నారు. ఆ తుపాను వెళ్లిన నాలుగో రోజునే కాశీబుగ్గలో తొక్కిసలాట జరగడం గమనార్హం. గాలివానను నాలుగు రోజుల ముందే లెక్కగట్టగలిగిన వ్యవస్థకు, పంచాంగంలో ఏడాది ముందే అచ్చయిన ఏకాదశి రద్దీ అందలేదు.

ఆ ఉదయం ఏం జరిగింది?

తిరుమల నమూనాలో నిర్మించిన ఆ ఆలయం ప్రైవేటుది. దేవాదాయ శాఖ పరిధిలో లేదు. భక్తులకు దర్శనాలు ప్రారంభమై కొద్ది నెలలే అయింది. పైగా నిర్మాణ పనులు పూర్తి కాలేదు. కార్తీక మాసం, శనివారం, ఏకాదశి కలిసి రావడంతో ఉద్దానం పల్లెల నుంచి, చుట్టుపక్కల మండలాల నుంచి జనం పోటెత్తారు. వెళ్లేందుకు, వచ్చేందుకు ఒకటే దారి కావడం, మెట్ల వద్ద రెయిలింగ్ విరగడం ప్రమాదానికి దారితీశాయని అధికారుల ప్రాథమిక వివరణలో తేలింది. మృతుల్లో అత్యధికులు మహిళలే.

ఉత్సవానికి సంబంధించి నిర్వాహకుల నుంచి ముందస్తు సమాచారం లేదని, అనుమతి తీసుకోలేదని అధికారులు ప్రకటించారు. ముందే తెలిపి ఉంటే రద్దీని నియంత్రించే వీలుండేదని ముఖ్యమంత్రి చంద్రబాబు కూడా అన్నారు. నిర్వాహకుల బాధ్యతను ఎవరూ కాదనలేరు. అంత జనం వస్తారని తెలిసినప్పుడు పోలీసులకు ఒక కాగితం ముక్క రాసివ్వడం కనీస ధర్మం. అయితే ప్రశ్న అక్కడితో ముగియదు. నిర్వాహకులు చెప్పకపోతే పోలీసులకు తెలిసే మార్గమే లేదా?

2025లో రాష్ట్రానికి ఇది తొలి హెచ్చరిక కూడా కాదు. జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల వద్ద తొక్కిసలాటలో ఆరుగురు, ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో గోడ కూలి ఏడుగురు మరణించారు. ఆ రెండూ ప్రభుత్వ పర్యవేక్షణలోని పెద్ద క్షేత్రాలు. అక్కడ బందోబస్తు ఉండీ అనర్థం జరిగింది. కాశీబుగ్గలో జనం వస్తున్నారన్న లెక్కే యంత్రాంగం వద్ద లేకపోయింది.

ఊరందరికీ తెలిసినా..

పల్లెల్లో ఏ గుడికి ఏ రోజున ఎందరు బయలుదేరుతారో ముందుగా తెలిసేది ఆటోవాలాలకు, డ్వాక్రా సంఘాల మహిళలకు, పూలు, కొబ్బరికాయలు అమ్మే చిరు వ్యాపారులకు. ముందురోజే ఆటోలు మాట్లాడుకుంటారు. సంఘం సమావేశంలోనే ఎవరెవరు వెళ్లాలో అనుకుంటారు. ఈ మాటలు పోలీసు చెవిన పడాలంటే గూఢచర్యం అవసరం లేదు. బీటు కానిస్టేబుల్ వారానికోసారి ఊళ్లోకి వెళ్లి రచ్చబండ వద్ద కాసేపు కూర్చుంటే చాలు.

ప్రజా పోలీసింగ్ అసలు ఉద్దేశం ఇదే. ఉమ్మడి రాష్ట్రంలో ‘మైత్రి’ సంఘాలు ఏర్పాటు చేసినా, 2008లో కేరళ ‘జనమైత్రి’ని ప్రారంభించినా లక్ష్యం ఒక్కటే. పోలీసు తన పరిధిలోని ఇళ్లను, మనుషులను పేరుపేరునా ఎరిగి ఉండాలి. కష్టం వచ్చాక పరుగెత్తడం కంటే కష్టం రాబోతున్నదని ముందే తెలుసుకోవాలి. ఆచరణలో మాత్రం ఈ కార్యక్రమాలు రక్తదాన శిబిరాలు, వాలీబాల్ పోటీలు, ఉద్యోగ మేళాలు, దుప్పట్ల పంపిణీ వైపు ఒరిగిపోతున్నాయి. వాటివల్ల మేలు లేదని కాదు. కానీ బహుమతి ప్రదానంతో కార్యక్రమం ముగిసి, మరునాటి నుంచి ఊరికీ స్టేషనుకూ మాటల్లేకపోతే ఆ పరిచయం పత్రికల్లో ఫొటోకే పరిమితమవుతుంది.

వినాయక చవితి పందిళ్ల విషయంలో పోలీసులు చూపే శ్రద్ధ ఇందుకు భిన్నమైన ఉదాహరణ. ప్రతి మండపం నిర్వాహకుల పేర్లు, ఫోన్ నంబర్లు, నిమజ్జనం తేదీ, ఊరేగింపు దారి ముందుగానే స్టేషనుకు చేరుతున్నాయి. వీధి చివర పందిరికి ఉన్న లెక్క, వేలాది మంది వచ్చే ప్రైవేటు ఆలయానికి లేకపోవడం విచారకరం.

అధికారి మారితే మొదటికే..

పల్లెనిద్ర, గ్రామ దత్తత వంటి కార్యక్రమాలు ఒక ఎస్పీ హయాంలో జోరుగా సాగుతాయి. తరువాతి అధికారి ప్రాధాన్యాలు వేరుగా ఉంటే అటకెక్కుతాయి. ఎస్సై ఊళ్లవారి పేర్లు నేర్చుకునేలోగా బదిలీ ఉత్తర్వు వస్తుంది. ప్రకాశ్‌సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జిల్లా ఎస్పీకి, స్టేషను అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలి. దాదాపు రెండు దశాబ్దాలు గడిచినా ఆ ఆదేశం స్ఫూర్తి క్షేత్రస్థాయికి పూర్తిగా దిగలేదు. రాజకీయ సిఫార్సులతో పోస్టింగులు, ప్రభుత్వం మారినప్పుడల్లా మూకుమ్మడి బదిలీలు ప్రజలకు తెలియనివి కావు.

ఎస్సై వెళ్లిపోయినా ఆయనకు తెలిసినదంతా స్టేషనులో మిగలాలి. ఏ ఊళ్లో ఏ జాతర ఎప్పుడు, నిరుడు ఎందరు వచ్చారు, దారి ఎక్కడ ఇరుకు, పెద్దమనుషులెవరు అన్న వివరాలు కొత్తగా వచ్చిన అధికారికి మొదటి రోజే చేతికందాలి. అలాంటి రికార్డు లేనిచోట ప్రతి అధికారీ అఆల నుంచి మొదలుపెట్టాల్సి వస్తోంది.

మహిళా పోలీసుల సేవలు ఏవి?

ఈ లోటు తీర్చగల యంత్రాంగం రాష్ట్రంలో ఏర్పడకపోలేదు. 2019 అక్టోబరులో గ్రామ, వార్డు సచివాలయాలు ప్రారంభమైనప్పుడు మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించారు. 2021లో 59వ నంబరు జీవోతో వారిని మహిళా పోలీసులుగా పేర్కొన్నారు. ఊరికొక పోలీసు ప్రతినిధి, అందునా మహిళ. కాగితంపై ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. అయితే వారి నియామక విధానం, యూనిఫాం, అధికారాలపై వివాదం రేగి హైకోర్టు దాకా వెళ్లింది. పోలీసు శాఖ వారా, సచివాలయం వారా అన్న సందిగ్ధం మధ్య సర్వేలు, ఇతర విధులు వారి నెత్తిన పడ్డాయి.

ఫోన్‌లో యాప్ ఉంటే రక్షణ ఉన్నట్లేనన్న ధోరణి కూడా ప్రబలింది. 2020లో దిశ యాప్ వచ్చింది. 2025 మార్చి 8న శక్తి యాప్ ప్రారంభమైంది. ఆపదలో మీట నొక్కితే పోలీసులు రావడం మంచిదే. కానీ యాప్ పనిచేసేది ఆపద వచ్చాకనే. పైగా ఆలయానికి బయలుదేరిన అరవై ఏళ్ల అవ్వ చేతిలో ఆ ఫోను ఉండదు. ఆమె ప్రయాణం గురించి తెలిసేది పక్కింటి వారికి, ఆ ఊరి మహిళా పోలీసుకు మాత్రమే.

పతకం దేనికి?

ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుపుతారు. 1959లో లద్దాఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ వద్ద చైనా సైన్యం కాల్పుల్లో నేలకొరిగిన జవాన్లకు అది నివాళి. ఆ వారమంతా ఓపెన్‌హౌస్‌లు, వ్యాసరచన పోటీలు, రక్తదాన శిబిరాలు నిర్వహిస్తారు. స్వాతంత్ర్య దినోత్సవం, గణతంత్ర దినోత్సవం, ఉగాది సందర్భాల్లో సేవా పతకాలు ప్రకటిస్తారు. సాహసానికి, సుదీర్ఘ సేవకు గుర్తింపు దక్కవలసిందే.

కానీ జనం పోటెత్తే గుడిని ముందుగా పసిగట్టి, రెండో దారి తెరిపించి, క్యూలైను వేయించిన కానిస్టేబుల్‌కు పతకం రాదు. ఎందుకంటే అక్కడ ఏమీ జరగదు. ఏమీ జరగలేదంటే ఎవరూ రాయరు, ఎవరూ చూడరు. జరగకుండా ఆపిన పనిని గుర్తించే ఏర్పాటు శాఖలో లేనంత కాలం సిబ్బంది కనిపించే పనుల వైపే మొగ్గుతారు. ఇందులో పత్రికల పాత్రా తక్కువ కాదు.

ఇకనైనా..

పరిష్కారాలు కోట్లు ఖర్చయ్యేవి కావు. ప్రతి స్టేషనులో పరిధిలోని అన్ని ఆలయాలు, చర్చిలు, దర్గాలు, జాతర స్థలాల జాబితా ఉండాలి. ప్రైవేటువి, ప్రభుత్వానివి అన్న తేడా అందులో ఉండకూడదు. పంచాంగం చూసి నెల ముందే రద్దీ రోజులను గుర్తించాలి. నిర్వాహకులు రాకపోతే పోలీసులే వెళ్లి అడగాలి. మహిళా పోలీసుల విధులపై సందిగ్ధం తొలగించి, ఊరి సమాచారాన్ని స్టేషనుకు చేర్చే బాధ్యతను స్పష్టంగా అప్పగించాలి. స్టేషను అధికారికి రెండేళ్ల పదవీకాలం అమలు కావాలి.

సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఇచ్ఛాపురం ప్రాంతం నుంచి వెళ్లాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. కూలిపని మానుకుని అంతదూరం వెళ్లేది ఫిర్యాదు ఉన్నవారే. హెచ్చరిక చెప్పడానికి ఎవరూ వెళ్లరు. అది వినాలంటే పోలీసే ఊరికి రావాలి.

అడవికొత్తూరు పొలాల్లో మరణించిన ఆ వృద్ధుని పేరు ఎవరికీ తెలియదు. అయినా ఓ ఎస్సై ఆయనను మోసి గౌరవంగా సాగనంపారు. కాశీబుగ్గ ఆలయంలో మరణించిన తొమ్మిది మందికి పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, ఎదురుచూసిన కుటుంబాలున్నాయి. మరణించిన అపరిచితునిపై చూపిన శ్రద్ధ, బతికున్న పరిచితులపై ముందుగా చూపగలిగే వ్యవస్థ ఏర్పడాలన్నదే జిల్లా ప్రజల ఆకాంక్ష. మళ్లీ ఏకాదశి వచ్చేలోగా ఆ దిశగా అడుగులు పడతాయో లేదో వేచిచూడాల్సిందే.