ప్లగ్గు పీకారు సరే... మరి కేబుల్?

ఉరుము వినపడగానే మన ఇళ్లల్లో మొదటి కేక ఒకటే... ‘టీవీ ప్లగ్గు పీకేయండ్రా!’ మంచి అలవాటే. కానీ ప్లగ్గు పీకేసినా టీవీ వెనకాల ఇంకో తీగ మిగిలే ఉంటుంది. స్తంభాల మీంచి, నాలుగు డాబాలు దాటుకుని వచ్చిన కేబుల్ వైరు. ల్యాండ్‌లైన్ ఉంటే ఆ వైరూ అంతే. పిడుగు మన ఇంటి మీదే పడక్కర్లేదు. దగ్గర్లో పడినా చాలు, ఈ పొడవాటి తీగల్లో క్షణంపాటు వేల వోల్టులు పుట్టొచ్చు.

పోయిన మే నెలలో మా పక్కింట్లో జరిగింది ఇదే. ఫ్రిజ్ బాగుంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. సెట్‌టాప్ బాక్సు, టీవీలో దాని వైరు పెట్టే పోర్టు మాత్రం కాలిపోయాయి. ‘కరెంటు బానే ఉందిగా అన్నా, ఇవే ఎందుకు పోయాయి?’ అనడిగాడు ఆ ఇంటి కుర్రాడు.

వోల్టేజీ ఎక్కువైతేనే ప్రమాదం అనుకుంటాం. అసలు ప్రమాదం రెండు చోట్ల మధ్య ఉండే తేడాతో. కరెంటు తీగ మీద పిచ్చుక హాయిగా కూర్చునేది అందుకే. టీవీకి ఒకవైపు కరెంటు, ఇంకోవైపు కేబుల్. రెండూ ఒకే ఎర్త్‌కి కలిసుంటే కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. విడివిడిగా ఉంటే ఆ తేడా అంతా టీవీలోంచి దారి చూసుకుంటుంది. కేబుల్‌కి విడిగా ఓ రాడ్డు పాతేస్తే సరిపోదా? సరిపోదు. ఆ రాడ్డునూ ఇంటి ఎర్త్‌తో కలపాల్సిందే. అమెరికాలో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ చెప్పేదీ ఇదే.

ఇంకో సంగతి. కేబుల్ పిన్ను ముట్టుకుంటే వేలు జివ్వుమందా? వీధిలోని ఇళ్లన్నిటినీ కలిపేది ఆ వైరు పైనుండే లోహపు అల్లికే. ఇంటింటి అడాప్టర్లలోంచి లీకయ్యే కాస్త కరెంటు అందులోకి చేరుతుంది. మామూలుగా అది చిన్నదే. కానీ ఎవరింట్లోనో ఫేజు వైరు ఊడి దానికి తగిలితే, 230 వోల్టులు మీ హాల్లోకీ రావచ్చు. బయట నుంచి అలా వచ్చేదాన్ని మీ ఇంట్లోని ఆర్‌సీసీబీ పసిగట్టలేదు.

మరి ఏం చేయాలి?

* ముందు ఇంటికి ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు.

* కేబుల్ ఇంట్లోకి వచ్చేచోటే గ్రౌండ్ బ్లాక్ పెట్టించి, అక్కణ్నుంచి లావుపాటి రాగి తీగతో ఇంటి ఎర్త్‌కి కలపమనండి. తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. న్యూట్రల్‌కో, గ్యాస్ పైపుకో కలపనివ్వొద్దు.

* ఇది మీరే చేసేయొద్దు. యూట్యూబ్ చూసి చేసే పని కాదు.

* ఫైబర్ నెట్ అయితే గాజు పోగులో కరెంటు పారదు. కానీ దాన్ని మోసే స్టీలు తీగ ఉంటే అందులో పారుతుంది. అది ఇంట్లోకి రాకుండా బయటే ఆపించండి.

ఎర్త్ ఎంత బాగున్నా నేరుగా పడే పిడుగుకు పూర్తి గ్యారంటీ లేదు. అందుకే మబ్బు పట్టగానే ప్లగ్గుతో పాటు కేబుల్ కూడా పీకండి. ఉరుములు నెత్తిమీదికి వచ్చేశాక మాత్రం దాని జోలికి వెళ్లొద్దు. టీవీ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.