నెల తప్పిందంటే ఒకటే అర్థమా?

మన తెలుగులో "నెల తప్పింది" అంటే గర్భవతి అయిందని అర్థము. క్రొత్తగా పెళ్లయిన ఇంట్లో అది మిఠాయి పంచే మాట. పెళ్లికాని పిల్ల విషయములో అదే మాట వస్తే ఆ ఇంట పొయ్యి వెలగదు. అయితే నెలసరి ఆలస్యమగుటకు గర్భము ఒక కారణమే గాని అదొక్కటే కారణము కాదు. ఈ సంగతి తెలియక కూతురిని అనుమానించి, చెయ్యి కూడా చేసికొని, తరువాత ఏడ్చిన తల్లులను మేము సంఘములలో చూచియున్నాము. అందుచేత ఈ నెల ఈ విషయము వ్రాయుచున్నాము. పాస్టరుగారు వ్రాయదగిన సంగతేనా ఇది అని ఎవరికైనా తోస్తే లేవీయకాండము 15వ అధ్యాయము తీసి చూడండి. పరిశుద్ధ గ్రంథము దీనిని చెప్పుటకు సిగ్గుపడలేదు.

మొదట లెక్క సరిగా తెలియాలి. ముట్టయిన మొదటి రోజు నుండి మరల ముట్టయ్యే రోజు వరకు లెక్క పెట్టాలి. 28 రోజులని అందరూ అంటారు గాని, పెద్ద స్త్రీలకు 21 నుండి 35 రోజుల వరకు మామూలే. క్రొత్తగా పెద్దమనిషి అయిన పిల్లలకు మొదటి రెండు మూడేళ్లలో 45 రోజులు పట్టినా భయపడనక్కరలేదు. గోడకున్న వాక్యపు క్యాలెండరు మీదనే ఒక చిన్న చుక్క పెట్టుకొంటే చాలు. "పోయిన నెల ఎప్పుడమ్మా?" అని డాక్టరు అడిగినప్పుడు ఒకరి ముఖము ఒకరు చూచుకొనే పని ఉండదు.

లోపల జరిగేది ఇది. అండాశయము నుండి ఒక అండము విడుదలవుతుంది. గర్భము నిలవకపోతే, ఆ తరువాత ఇంచుమించు 14 రోజులకు గర్భసంచి లోపలి పొర ఊడి రక్తముతో బయటికి వస్తుంది. ఈ 14 రోజులు పెద్దగా మారవు. ముట్టు ఆలస్యమైనదంటే చాలాసార్లు అండమే ఆలస్యముగా విడుదలైనదన్నమాట. ఆ విడుదలకు ఆజ్ఞ మెదడు నుండి రావాలి. ఒంట్లో బలము తగ్గినా, దిగులు ఎక్కువైనా, పెద్ద జ్వరము పట్టినా మెదడు ఆ ఆజ్ఞను ఆపి ఉంచుతుంది. అదను లేదని రైతు విత్తనము చేత పట్టుకొని ఆగినట్లే.

ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లను తలచుకోండి. హాస్టలులో తెల్లవారకముందే లేపుతారు. తిండి సయించదు, మార్కుల భయము వెంటాడుతుంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు రెండు నెలలుగా ముట్టు కాలేదని తెలుస్తుంది. అమ్మలారా, అప్పుడు మొదట అడగవలసినది "ఎవడు వాడు?" అని కాదు. "ఏమి తింటున్నావు తల్లీ, నిద్ర పడుతున్నదా?" అని. ఆ తరువాత మిగిలినవి మెల్లగా అడగవచ్చు. మెల్లగా అడిగితేనే నిజము చెబుతుంది. ఒకవేళ గర్భమే అయినా, ఆ పిల్లను కొట్టకుండా వెంటనే డాక్టరు యొద్దకు తీసికొని వెళ్లవలసినది మీరే.

మరొక మాట, మన సంఘములకు సంబంధించినది. శ్రమకాల దినములలో 40 రోజులు ఒక్కపూట భోజనముతో ఉండే ఆడపిల్లలు ఉన్నారు. ఒక్కరోజు ఉపవాసము వలన ఏమీ కాదు గాని, వారాల తరబడి తిండి తగ్గి బరువు పడిపోతే ముట్టు ఆగవచ్చు. ఎదిగే పిల్లలను అంత కఠిన ఉపవాసమునకు పెట్టవద్దని మా అభిప్రాయము. అలాగే కన్వెన్షన్ అని, పెళ్లి అని మెడికల్ షాపులో మాత్రలు కొని ముట్టును వాయిదా వేసికొంటారు. అవి మానిన రెండు మూడు రోజులకు సాధారణముగా ముట్టు వస్తుంది, ఒక్కోసారి ఆలస్యమవుతుంది. మందిరమునకు గాని, ప్రభువు బల్లకు గాని ముట్టు అడ్డము కాదు. దానికోసము ఎవరూ మాత్రలు మింగనక్కరలేదు.

బరువు పెరిగి, గడ్డము మీద వెంట్రుకలు, మొటిమలు వచ్చి, ముట్టు రెండు మూడు నెలలకొకసారి అవుతుంటే అది పిసిఓడి కావచ్చు. అది శాపము కాదు, వైద్యమున్న జబ్బు. అశ్రద్ధ చేస్తే ముందు ముందు షుగరు వ్యాధికి దారి తీయగలదు. థైరాయిడ్ తేడా ఉన్నా ముట్టు తప్పుతుంది, ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది. చంటిపిల్ల లేకుండానే రొమ్ములనుండి పాలు వస్తే తప్పక డాక్టరుకు చెప్పండి.

పెళ్లయినవారిలో బాలింతలు మోసపోతుంటారు. పాలిచ్చే తల్లికి నెలల తరబడి ముట్టు రాకపోవడము సహజమే. కాని మొదటి ముట్టు కంటె ముందే అండము విడుదల కావచ్చు. అందుకే ముట్టు చూడకుండానే మరల గర్భవతులైనవారు ఉన్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో మూడు నెలలకొకసారి ఇచ్చే అంతర ఇంజెక్షను, ఛాయ మాత్రలు వాడేవారికి ముట్టు వెనుకపడడము మామూలే. నలభై దాటినవారికి ముట్లు ఆగిపోయే కాలము దగ్గరపడుతూ తేదీలు తప్పుతాయి. నలభై లోపే ఆగిపోతే మాత్రము చూపించుకోవాలి.

కుటుంబ నియంత్రణ ఆపరేషను అయినవారు ఇది శ్రద్ధగా చదవండి. ఆపరేషను వలన ముట్టు ఆగదు. ఆపరేషను అయినా అరుదుగా గర్భము వస్తుంది. అలా వచ్చినది గర్భసంచిలో కాక నాళములో నిలిచే ప్రమాదము ఎక్కువ. నాళము పగిలితే ప్రాణము మీదికి వస్తుంది. ముట్టు తప్పిన స్త్రీకి పొత్తికడుపులో ఒక ప్రక్క నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడము, భుజము నొప్పి, కొద్దికొద్దిగా రక్తము కనబడడము, వీటిలో ఏది ఉన్నా తెల్లవారేవరకు ఆగవద్దు. 108 కి ఫోను చేయండి.

పెళ్లయిన స్త్రీకి తేదీ దాటి వారము అయితే మొదట మూత్రపరీక్ష. ఆశా కార్యకర్త యొద్ద నిశ్చయ్ కిట్ ఉచితముగా దొరుకుతుంది. ఉదయము మొదటి మూత్రముతో చేయాలి. గర్భము లేదని వచ్చి, ముట్టు కూడా రాకపోతే వారము తరువాత మరల చేయాలి. నువ్వుల ఉండలు, బెల్లము తినవచ్చు, బలమునకు మంచివే. ముట్టు తెప్పిస్తామని ఇచ్చే వేరు మందులు, షాపువాడు చీటీ లేకుండా ఇచ్చే మాత్రలు మాత్రము ముట్టవద్దు. గర్భము లేదని తేలినా మూడు నెలలుగా ముట్టు రాకపోతే, లేక 15 ఏళ్లు నిండినా పిల్ల పెద్దమనిషి కాకపోతే, క్యాలెండరు చేతపట్టుకొని స్త్రీల డాక్టరు యొద్దకు వెళ్లండి. వాడుతున్న మందులన్నిటి పేర్లు కూడా చెప్పండి. వెళ్లేటప్పుడు భర్త కూడా వెంట వెళితే బాగుంటుంది.