చట్టం తప్పిన సోదాకు న్యాయస్థానంలో చోటెందుకు?

సోదా చేసే అధికారం పోలీసులకు ఉన్నది. దానిని ఎవరూ కాదనరు. ఆ అధికారానికి చట్టం గీసిన హద్దులను దాటితే ఏమవుతుందన్నదే ప్రశ్న. చాలా సందర్భాలలో ఏమీ కాదన్నదే చేదు సమాధానం.

2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితను చూడండి. వారెంటు లేకుండా సోదా చేయదలచిన దర్యాప్తు అధికారి అందుకు కారణాలను వ్రాతపూర్వకంగా నమోదు చేయాలి. ఆ ప్రతులను 48 గంటలలోగా మేజిస్ట్రేటుకు పంపాలి. ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు స్వతంత్ర సాక్షులను పిలవాలి. ఇంటివారిని సోదా ముగిసేదాకా అక్కడే ఉండనివ్వాలి. జప్తు చేసిన వస్తువుల జాబితా ప్రతిని వారికి ఇవ్వాలి. స్త్రీని స్త్రీయే తనిఖీ చేయాలి. 105వ సెక్షన్ ప్రకారం ఇదంతా వీడియోలో చిత్రీకరించాలి. కాగితం మీద లోపం లేదు.

అయితే 1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఏమన్నది? రాజ్యాంగమో, మరొక చట్టమో నిషేధిస్తే తప్ప, చట్టవిరుద్ధమైన సోదాలో దొరికినది కూడా సాక్ష్యంగా చెల్లుతుందన్నది. రిజిస్టరులో ఒక సంతకం తప్పితే గుమస్తాకు మెమో వస్తుంది. ఆ కొలువులో జీవితం గడిపినవాడిగా అడుగుతున్నాను: ఒక కుటుంబం గడపను అక్రమంగా దాటిన అధికారి తెచ్చిన ఫలితానికి కోర్టు ద్వారం ఎందుకు తెరవాలి?

ఈ భారం అందరి మీదా సమానంగా పడదు. కార్డన్ సెర్చ్ పేరిట ఇల్లిల్లూ గాలించేది ఎక్కువగా పేదల బస్తీలనే. వకీలును పిలుచుకోగల స్తోమత లేని ఇంటిలోనే చదవని పంచనామా మీద సంతకం పడుతుంది.

"అలాగైతే నేరస్తులు తప్పించుకోరా?" అని కొందరు అంటారు. దీనికి సుప్రీంకోర్టే జవాబిచ్చింది. 1999లో బల్‌దేవ్ సింగ్ కేసులో, మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షన్ ఇచ్చిన రక్షణను ఉల్లంఘించి వ్యక్తిని తనిఖీ చేస్తే, దొరికిన సరుకును అతని వద్ద ఉన్నదనడానికి రుజువుగా వాడరాదన్నది. దానితో దేశం కూలిపోలేదు. గంజాయి కేసులో సాధ్యమైన న్యాయం తక్కిన కేసులలో అసాధ్యమెలా అవుతుంది?

పైగా పూరన్‌మల్ తీర్పు ఆనుకున్న గోడ నేడు బీటలు వారింది. ఆ తీర్పు 1954 నాటి ఎం.పి.శర్మ తీర్పును ఆధారం చేసుకున్నది. గోప్యత ప్రాథమిక హక్కు కాదన్న శర్మ తీర్పులోని మాటను 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా కొట్టివేశారు. కనుక పూరన్‌మల్ తీర్పును విస్తృత ధర్మాసనం పునఃపరిశీలించాలి. చట్టం తప్పి తెచ్చిన సాక్ష్యాన్ని త్రోసిపుచ్చడమే నియమం కావాలి.

అంతవరకు మన కర్తవ్యం మనం నెరవేర్చాలి. అధికారిని అడ్డుకోవద్దు, వాగ్వాదం వద్దు. కారణమేమిటని, వీడియో తీస్తున్నారా అని మర్యాదగా అడగండి. ఖాళీ కాగితం మీద సంతకం చేయకండి. జాబితా ప్రతిని తీసుకోండి. తేదీ, సమయం, వచ్చినవారి పేర్లు, పిలిచిన సాక్షులెవరన్నది ఆ రోజే వ్రాసి పెట్టుకోండి. మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఈ నాలుగు మాటలను ప్రతి ఇంటికీ చేర్చాలి. రేపు కోర్టులో మన వకీలు చేతికి అందే మొదటి ఆయుధం ఆ కాగితమే.