దీపం కింద వెలుగు

దీపం కింద చీకటి అన్నారు మన పెద్దలు. ప్రమిదతో బతికిన ఇళ్లలో పుట్టిన మాట అది. నూనె గిన్నె అడుగునే ఉంటుంది కనుక వెలుగంతా పైకీ పక్కలకీ పోయి, కింద నీడ మిగులుతుంది. దుబాయ్, షార్జాల్లో మన తెలుగువాళ్ల బాల్కనీలు ప్రమిదలతో నిండే ఈ దీపావళి వేళ, వెలుగును దీపం కిందికి దించిన ఒక మనిషిని తలుచుకోవాలి. ఆయన డెన్మార్క్ వాస్తుశిల్పి పౌల్ హెన్నింగ్సన్. 1925 పారిస్ ప్రదర్శనలో ఆయన దీపాలు బంగారు పతకం అందుకుని నూరేళ్లు నిండాయి.

1894లో పుట్టిన హెన్నింగ్సన్ చిన్నతనం కిరసనాయిలు దీపాల మధ్య గడిచింది. ఆ మెత్తని వెలుగుకు అలవాటుపడిన కళ్లకు కరెంటు బల్బు సూదిలా గుచ్చింది. బల్బు కనబడకూడదు, దాని వెలుగు మాత్రం బల్ల మీదికి రావాలి. ఈ పంతంతోనే 1926 నాటికి మూడు షేడ్లను ఒకదాని కింద ఒకటి అమర్చాడు. శంఖపు చుట్టులా విచ్చుకునే వంపు వాటిది. ఆ వంపు మీద ఎక్కడ పడినా కాంతి ఒకే కోణంలో తాకుతుంది, మెత్తబడి కిందికి జారుతుంది. 1958లో లూయీ పౌల్సన్ సంస్థకు గీసిచ్చిన పీహెచ్ 5 ఆ కుటుంబంలో అందరికీ తెలిసిన దీపం. పెద్ద షేడ్ అడ్డం 50 సెంటీమీటర్లు, పేరులోని 5 అదే. బల్బుల తయారీదారులు ఆకారాలు మారుస్తూ పోవడం చూసి విసిగి, ఏ బల్బు పెట్టినా కంటికి తగలని విధంగా దాన్ని గీశాడు. నేటి ఎల్ఈడీ కూడా అందులో ఒదిగిపోతోంది.

అదే 1958లో అబుదాబి సముద్రంలో ఉమ్ షైఫ్ దగ్గర చమురు పడింది. మరుసటేడు దుబాయ్ పాలకుడు షేక్ రాషిద్ విద్యుత్ కంపెనీ ఏర్పాటుకు ఆదేశమిచ్చారు. ఒక మనిషి ఆయుష్షు చాలింది, ఈ ఎడారి రాత్రి పగలైపోవడానికి. 2016లో దుబాయ్ మున్సిపాలిటీ ఫిలిప్స్‌తో కలిసి తెచ్చిన ‘దుబాయ్ ల్యాంప్’ 60 వాట్ల పాత బల్బు వెలుగును 3 వాట్లకే ఇస్తుంది. వెలుగు ఇంత చవకైంది. కంటి సుఖం మాత్రం ఇంకా ఖరీదుగానే ఉంది.

ఈమధ్య దుబాయ్ కరామాలో ఒక మిత్రుడి ఇంటికి వెళ్లాను. వాళ్ల పాప భోజనాల బల్ల మీద లెక్కలు చేసుకుంటోంది. వెనక గోడకు ట్యూబ్‌లైటు. పాప తల నీడ సరిగ్గా నోటుపుస్తకం మీద పడుతోంది. పుస్తకం పక్కకు జరిపితే తానూ వంగుతుంది, నీడా వెంటే వస్తుంది.

దుబాయ్‌లోనే సోనాపూర్ కార్మికుల క్యాంపుల్లో సంగతి ఇంకోలా ఉంటుంది. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో వచ్చిన అన్నలు ఒకే గదిలో రెండంతస్తుల మంచాల మీద సర్దుకుంటారు. నైట్ డ్యూటీ చేసొచ్చినవాడు పడుకోవాలి, పొద్దున వెళ్లేవాడికి లైటు కావాలి. అందుకే మంచం చుట్టూ దుప్పటి కట్టుకుంటారు. హెన్నింగ్సన్ షేడ్ చేసే పని అక్కడ ఆ దుప్పటి చేస్తోంది.

పీహెచ్ 5 ధర చూసి అది శ్రీమంతుల సొత్తు అనుకోవడం సహజం. నేను మాత్రం ఒప్పుకోను. దీపం కొనలేకపోవచ్చు గాని, దాని సూత్రానికి డబ్బు అక్కర్లేదు. బల్బును కప్పు, కిందికి దించు, పని జరిగే చోట వెలిగించు. భవనాల ముఖాలను రాత్రంతా రంగుల లైట్లతో ముంచెత్తే యాజమాన్యాలు, తాము అద్దెకు తీసుకున్న క్యాంపు గదుల్లో మంచానికొక చిన్న షేడ్ లైటు పెట్టించాలి. అది దయ అనిపించుకోదు, ఒళ్లు అలిసిన మనిషికి దక్కాల్సిన నిద్ర.

మొన్న మళ్లీ కరామా వెళ్లాను. మిత్రుడు ఒక మామూలు రేకు షేడ్ కొని, బల్లకు రెండడుగుల ఎత్తున వేలాడదీశాడు. గోడ మీది ట్యూబ్‌లైటు ఆపేసి ఉంది. పాప మోచేతుల మధ్య పుస్తకం తెల్లగా వెలుగుతోంది. వాళ్లమ్మ వచ్చి అన్నం కంచం ఆ వెలుగులోనే ఒక పక్కన పెట్టింది.