పెంకుటి మందిరము, దోర్నకల్ ప్రయాణము



ఈ నెల ఈ పేజీలో పిల్లల పరీక్షల గురించి వ్రాద్దామనుకున్నాము. అయితే మా సంఘములో లేచిన ఒక తగవు మమ్మల్ని దోర్నకల్ దాకా నడిపించింది. పరీక్షల సంగతి వచ్చే నెలకు ఉంచి, ఆ ప్రయాణము గురించే వ్రాస్తున్నాము.

గోదావరిఖనిలో మా ప్రార్థనా మందిరము ఒక పెంకుటిల్లు. 1960ల మొదట్లో ఇక్కడ బొగ్గు బాయిలు తెరిచినప్పుడు ఇల్లందు, కొత్తగూడెం వైపునుండి, కరీంనగర్ పల్లెలనుండి పనికి వచ్చిన విశ్వాసులు కట్టుకున్నది. మొదటి షిప్టు దిగినవారు ఒళ్ళు కడుక్కొని సాయంత్రము వరకు గోడ లేపేవారట. ఆడవారు ఇటుకలు మోసినారు. దూలములకు వేలములో కొన్న పాత కలప. జీతాల రోజున తలా కొంత. అంతే, దానికి ఇంకో చరిత్ర లేదు.

ఇప్పుడు ఆదివారము వచ్చేవారిలో సగము మంది బయట షామియానా క్రింద కూర్చుంటున్నారు. వానాకాలములో ఆరాధన మధ్యలో బకెట్లు పెట్టవలసి వస్తున్నది. గోడలు నెర్రెలు విచ్చినవి. దీనిని కూల్చి స్లాబు వేసి పెద్ద హాలు కడదామని యౌవనస్థులు, మా తల్లిదండ్రులు కట్టినది మా కళ్ళముందు కూల్చవద్దని పెద్దలు. కమిటీ కూటములో మాటకు మాట పెరిగింది. ఒక పెద్దాయన లేచి వెళ్ళిపోయారు. ఆ తరువాతి ఆదివారము ప్రభువు బల్లకు రెండు కుటుంబములు రాలేదు.

నిజము చెప్పవలెనంటే మేము కూడ కూల్చేవారి పక్షమే. బకెట్లలో నీళ్ళు ఎత్తిపోసింది మేమే గదా!

పాస్టరుగారు ఓటు పెట్టలేదు. “ముందు అందరూ కలిసి దోర్నకల్ పోయి రండి. తర్వాత మాట్లాడుకుందాం” అన్నారు. గుడి పడగొట్టాలా వద్దా అని అడిగితే ఊరు చూసి రమ్మంటారేమిటని కొందరు గొణిగారు. అయినా ఆరు కుటుంబములవారము సద్దులు కట్టుకొని, మన కోల్ బెల్టువారు సింగరేణి బండి అని పిలుచుకునే రైలులో రామగుండంలో ఎక్కాము. రెండు పక్షాలవారూ ఒకే పెట్టెలో. పెద్దపల్లి దాటేదాకా ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. ఎవరో పులిహోర పొట్లము విప్పిన తరువాతనే మాటలు మొదలైనవి.

మాతో వచ్చినవారిలో ఓవర్‌మన్‌గా రిటైరైన ఒక అన్నయ్య, వదిన ఉన్నారు. వారి అమ్మాయి అమెరికాలో వర్జీనియా రాష్ట్రములో ఉంటున్నది. 2023లో బిడ్డ దగ్గరకు పోయినప్పుడు విలియమ్స్‌బర్గ్ అనే పాత ఊరు చూసి వచ్చారు. ఆంగ్లేయుల కాలములో ఆ రాష్ట్రానికి అది రాజధాని. రాజధాని మారిపోయిన తరువాత ఊరు పాడుబడింది. దానిని మళ్ళీ పాతకాలములో ఉన్నట్టే నిలబెట్టాలని పట్టుబట్టినది ఎవరో తెలుసా? అక్కడి బ్రూటన్ పారిష్ చర్చి పాస్టరు గుడ్‌విన్ గారు. 1926లో ఆయన చమురు కోటీశ్వరుని కుమారుడైన జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ గారిని ఒప్పించారు. ఆయన డబ్బుతో 80కి పైగా పాత కట్టడములు బాగుచేయబడినవి. 1781లో కాలిపోయిన గవర్నరు భవనమును పునాదులు త్రవ్వి చూసి, దొరికిన పాత చిత్రాల ప్రకారము 1934కల్లా మళ్ళీ కట్టారు. ఇప్పుడు అక్కడ కమ్మరి కొలిమి దగ్గర, వడ్రంగి కొట్టు దగ్గర పాతకాలపు బట్టలు కట్టుకున్న మనుషులు ఆనాటి పనిముట్లతోనే పని చేసి చూపిస్తారట. వదినకు అన్నిటికంటె నచ్చింది కమ్మరి కొలిమి. “మా తాత కొలిమి లెక్కనే ఉన్నది, తిత్తి ఊదుడు గూడ గట్లనే” అన్నది.

అన్నయ్య మాత్రము వేరే సంగతి చెప్పారు. ఆ ఊరిలో ఆ రోజులలో సగము మందికి పైగా నల్లజాతి ప్రజలు, వారిలో ఎక్కువమంది బానిసలు. 1776లో వారు దొరల కంట పడకుండా చెట్ల మాటున కూడుకొని ఒక సంఘముగా ఏర్పడ్డారు. వారి తొలి కాపరులలో ఒకరైన గోవన్ పాంఫ్లెట్ గారు ఒక సత్రములో బానిసగా పనిచేసిన మనిషి. ఆ సంఘమువారు 1856లో ఇటుకలతో మందిరము కట్టుకున్నారు. వందేళ్ళు ఆరాధించారు. ఊరిని పాతదిగా నిలబెట్టే ఆ సంస్థే ఆ స్థలము కొని, 1957లో మందిరమును కూలగొట్టింది. తరువాత ఆ నేల కార్లు నిలిపే చోటైంది. గవర్నరుగారి భవనము లేనిచోట లేపారు, బానిసల బిడ్డల గుడి ఉన్నచోట తీసేశారు. 2020లో అక్కడే త్రవ్వటము మొదలుపెట్టారు. పాత పునాది బయటపడింది, 60కి పైగా సమాధులు కనబడినవి. “మేము పోయిననాడు ఆ పక్క పలుగు, పార పట్టుకొని మెల్లగా మట్టి గీకుతున్నరు. అరవై ఏండ్ల కింద గుద్ది పడేసినదాన్ని ఇప్పుడు బ్రష్షుతోని ఊడుస్తున్నరు” అన్నారు అన్నయ్య. పెట్టెలో కొంచెంసేపు ఎవరూ ఏమీ అనలేదు.

దోర్నకల్ మనకు పరాయి ఊరు కాదు. డాక్టర్ విలియం కింగ్ గారు 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనుగొన్నారు. ఆ బొగ్గు మోయటానికే ఇల్లందు వైపు రైలు పట్టాలు వేశారు. ఆ దారి ప్రధాన మార్గమును కలిసేచోట దోర్నకల్ జంక్షను పెరిగింది. మన కంపెనీ పేరులో ఉన్న సింగరేణి కూడ ఇల్లందు దగ్గరి పల్లెయే. మన పెద్దలు చాలామంది ఈ జంక్షనులో బండి మారి, తట్టా చెమ్మస్ పట్టుకొని ఉత్తరానికి వచ్చినవారే.

ఎపిఫనీ కథీడ్రల్ ఆవరణలో అడుగుపెట్టగానే మా పిల్లలు “ఇది మసీదా?” అని అడిగారు. పిల్లల తప్పు లేదు. పైన గుమ్మటములు, మీనారులు. లోపలికి వెళితే దేవాలయ మండపములో ఉన్నట్టు రాతి స్తంభములు, వాటిమీద తామరపూల చెక్కడము. ముందుకు చూస్తే సిలువ. మన దేశములో మిషనరీలు కట్టిన గుళ్ళు చాలావరకు వారి ఊరి గుళ్ళలాగ ఉంటాయి. మెదక్ మహాదేవాలయమే చూడండి, 1924లో ప్రతిష్ఠింపబడిన ఆ గోపురము ఎంత అందమైనదైనా ఇంగ్లండు దేశపు గోపురమే. దోర్నకల్ గుడి అలా కాదు. ఇది ఈ నేలలో మొలిచినట్టు ఉన్నది.

దీనిని కట్టించినవారు బిషప్ వి.ఎస్. అజరయ్య గారు. 1874లో తిరునల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఒక మిషను సంఘము పెట్టుకున్నప్పుడు ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు. ఆ సంఘము పంపగా 1909లో దోర్నకల్ వచ్చారు. మన భాష నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందారు. భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పు ఆయనే. బాప్తిస్మము పొందినవారి చేత తలమీద చేయి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పౌలు భక్తుని మాటలతో ప్రమాణము చేయించేవారు. చదువు రాని కూలివారి చేత కూడ. ఇచ్చుట గురించి ఆయన ప్రత్యేకముగా ఒక పుస్తకమే వ్రాశారు. పూటకూ గంజికీ చాలని మాల మాదిగ పల్లెలనుండి కానుక ఏమి వస్తుందని ఆయన అనుకోలేదు. ఇచ్చే హక్కు బీదవానికి కూడ ఉన్నదన్నట్టు నడిపించారు.

ఈ కట్టడము ఒక్క ఏడాదిలో లేవలేదు. ఏళ్ళు పట్టింది. చివరకు 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగనాడు ప్రతిష్ఠ జరిగింది. ఆ తరువాత ఆరేళ్ళకు, 1945 జనవరి 1న, అజరయ్య గారు దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. ఇక్కడే సమాధి చేశారు. ఆయన ఎంతో ప్రయాసపడిన దక్షిణ ఇండియా సంఘ ఐక్యత 1947లో జరిగింది. చూడటానికి ఆయన లేరు.

మాతో ఎనభై ఏళ్ళు దాటిన ఒక పెద్దమ్మ వచ్చింది. మా పెంకుటి మందిరానికి ఇటుకలు మోసినవారిలో ఇప్పటికి బ్రతికి ఉన్నది ఆమె ఒక్కతే. గుడి అంతా తిరగలేదు. ఒక స్తంభము దగ్గర ఆగి, దానిమీద అరచేయి పెట్టి చాలాసేపు నిలబడింది. కాళ్ళు నొస్తున్నాయేమోనని మేము దగ్గరకు పోయాము.

“బిషప్పు అయ్యగారు కట్టిచ్చిండు సరే. ఈ రాయి మోసినోళ్ళు ఎవరు బిడ్డా?” అని అడిగింది. మేము బదులు వెతుక్కునేలోగా, “మనదాన్ని మోసినోళ్ళ పేర్లు నాకెరుక” అని వేళ్ళమీద లెక్కపెట్టసాగింది. పేరు పేరుకు ఒక ముచ్చట. ఒకాయన గోడ పని సగములో ఉండగా బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆయన భార్య మూడవనాటి కూడిక అయిన మరునాడు మళ్ళీ తట్ట ఎత్తింది. ఒకామె నిండు చూలాలుగా నీళ్ళు మోసింది. ఆ కడుపులోని బిడ్డే, కమిటీ కూటమునుండి లేచి వెళ్ళిపోయిన పెద్దాయన!

పంతొమ్మిది పేర్లు చెప్పింది. ఇరవై ఏళ్ళుగా ఆ సంఘములో ఉన్న మాకు వాటిలో నాలుగే తెలుసు. మా అబ్బాయి చేతిలోని నోటుపుస్తకము తీసుకొని, ఆమె ఆగినచోటల్లా మళ్ళీ అడిగి అన్నీ వ్రాసుకున్నాము. హాలు కావాలని అందరికంటె గట్టిగా వాదించిన తమ్ముడు ఆ పుస్తకము పట్టుకొని, తన తాత పేరు ఎన్నవదో వెతికాడు. పదకొండవది.

తిరుగు ప్రయాణములో ఎవరి పక్షము ఏదో ఎవరూ ఎత్తలేదు. అలసిపోయి నిద్రపోయారు, అది కూడ ఒక కారణమే.

తరువాతి కూటములో పాస్టరుగారు ఎజ్రా 3వ అధ్యాయము చదివారు. చెరనుండి తిరిగి వచ్చినవారు మందిరమునకు క్రొత్త పునాది వేసినప్పుడు, మొదటి మందిరమును చూసిన ముసలివారు ఏడ్చారు, తక్కినవారు సంతోషముతో కేకలు వేశారు. ఏది ఏడుపో ఏది కేకో వినేవారికి తెలియలేదట. చదివి కూర్చున్నారు, వ్యాఖ్యానము చెప్పలేదు.

పెంకుటిల్లు కూల్చవద్దని కూడ ఎవరూ మొండిగా అనలేదు. సివిల్ పని తెలిసిన మా సహోదరుడు గోడలన్నీ తట్టి చూశాడు. పడమటి గోడ పునాదినుండే నెర్రె ఇచ్చింది, అది నిలవదు. మిగిలిన మూడు గోడలకు ఢోకా లేదు, దూలములలో రెండు మార్చాలి. పక్కన ఖాళీ జాగాలో హాలు లేపి, పాతదానిని బాగుచేసి సండే స్కూలుకు ఉంచవచ్చునన్నాడు. ఖర్చు ఎక్కువవుతుంది. ఆ జాగా సరిపోతుందో లేదో కొలిస్తే గాని తెలియదు.

శనివారము సాయంత్రము కొలవటానికి వెళ్ళాము. టేపు ఒక కొన మా అబ్బాయి పట్టుకున్నాడు. రెండవ కొన పట్టుకోవటానికి ఎవరైనా రండని పిలిస్తే, గేటు దగ్గర సైకిలు స్టాండు వేసి ఒకరు నెమ్మదిగా నడిచి వచ్చారు. కమిటీ కూటమునుండి వెళ్ళిపోయిన పెద్దాయన. ఏమీ మాట్లాడలేదు. టేపు అందుకొని ప్రహరీ గోడకు ఆనించి, “చదువుండ్రి, ఎంతుంది?” అన్నారు.