ఏ బరువులో? ఏ రోజున?

బలమనగానే మన తెలుగువాళ్ళ మనసులో మెదిలేది భారీకాయమే. భీముడి గద, కోడి రామ్మూర్తి నాయుడి ఛాతీ మీద నిలిచిన ఏనుగు: బలానికి మనం చిన్ననాటి నుంచి విన్న కొలతలివి. డెబ్భై కిలోల మనిషి కూడా లోకంలో మేటి యోధుడనిపించుకోవచ్చునన్న ఊహ మన తరానికి కొంత కొత్త.

ఇప్పటి పిల్లలకు అది కొత్త కాదు. మా అనంతపురంలో కాలేజీ కుర్రాళ్ళు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ గురించి మాట్లాడుకుంటుంటే వింటుంటాను. లైట్‌వెయిట్ విభాగంలో ఖబీబ్ నుర్మగమేదోవ్ మేటియా, ఇస్లాం మఖాచేవ్ మేటియా అన్నది వాళ్ళ మధ్య తెగని తగువు. ఖబీబ్ 29 పోటీలలో ఒక్కటీ ఓడకుండా 2020 అక్టోబరులో విరమించుకున్నాడు. మఖాచేవ్ 2022లో కిరీటం అందుకుని, దాన్ని నాలుగుసార్లు నిలబెట్టుకుని, 2025లో పై బరువు విభాగానికి వెళ్ళిపోయాడు. ఇద్దరూ ఖబీబ్ తండ్రి దగ్గర విద్య నేర్చినవాళ్ళు. కిరీటం కోసం ఒకరితో ఒకరు ఎన్నడూ తలపడలేదు. ఇక ఆ తగువు తీరేదెలా?

నా మటుకు నాకు, "ఎవరు మేటి" అన్నది సగం ప్రశ్న మాత్రమే. ఏ బరువులో, ఏ రోజున అన్న మాటలు చేరిస్తే గాని అది పూర్తి కాదు. మా సీమ తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఎడ్ల పళ్ళు చూసి పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని విడదీస్తారు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఇచ్చిన సమయంలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. నిరుడు గెలిచిన జత యజమాని ఎంతటి పెద్దరైతైనా సరే, ఈ ఏడు బండ లాగించకుండా బహుమతి చేతికివ్వరు.

ఆ పాటి న్యాయం మన దేశపు బాక్సింగులో ఒక తెలుగునేల పిల్లకు అడిగితే గాని దొరకలేదు. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2011లో టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. ఆమె బరువు విభాగంలో ముందు నిలబడి ఉన్నది సామాన్యురాలు కాదు, మణిపూరుకు చెందిన మేరీ కోమ్. 2002 నుంచి 2018 దాకా ఆరుసార్లు ప్రపంచ విజేత; 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం. 2019 ఆగస్టులో ప్రపంచ పోటీలకు 51 కిలోల విభాగంలో ఎంపిక పోటీ లేకుండానే మేరీని పంపాలని బాక్సింగ్ సమాఖ్య నిర్ణయించింది. అక్కడ ఆమె కాంస్యం గెలిచింది. ఆ తరువాత ఒలింపిక్ అర్హత పోటీలకూ అదే పద్ధతి సాగేలా కనిపించేసరికి, అక్టోబరులో నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి ఉత్తరం రాసింది. ఆమె అడిగింది స్థానం కాదు, పోటీ. చివరికి పోటీ జరిగింది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఇద్దరూ తలపడ్డారు. మేరీ 9–1 తేడాతో గెలిచింది. పోటీ ముగిశాక చేయి కలపడానికి నిరాకరించింది.

"చూశారా, అంత గొడవ చేసి ఓడిపోయింది" అన్నవారు అప్పట్లో చాలామంది. నేనలా అనుకోను. ఆ రోజు ఆ బరువులో మేటి మేరీ అని మనకు తెలిసింది ఆ పోటీ వల్లనే. అంతకుముందు అది ఊహ. ఆ తరువాత అది నిజం. కనుక ఆ ఉత్తరం వల్ల ఎక్కువ మేలు జరిగింది మేరీ కోమ్‌కేనని నా అభిప్రాయం.

ఇక్కడొక చిన్న లెక్క కూడా ఉంది. మేరీ గెలిచిన ఆరు ప్రపంచ స్వర్ణాలూ 48 కిలోలు, అంతకన్నా తక్కువ బరువు విభాగాలలోనివి. లండన్‌లో మహిళలకు పెట్టిన కనీస విభాగం 51 కిలోలు కాబట్టి ఆమె పైకి రావలసి వచ్చింది. ఆ బరువులో ఆమెకు ఒలింపిక్ కాంస్యమూ, 2014 ఆసియా క్రీడల స్వర్ణమూ ఉన్నాయి గాని, ప్రపంచ స్వర్ణం లేదు. ఆమె గొప్పతనం దీనివల్ల రవ్వంత కూడా తగ్గదు. కాని ఒక బరువులో సంపాదించిన కీర్తి మరో బరువులో చెల్లుచీటీ కాదు.

"అంతటి మనిషిని పరీక్షకు నిలబెట్టడం అవమానం కాదా?" అని అడగవచ్చు. సన్మానం వేరు, స్థానం వేరు. సన్మానం గతానికి చేసేది. ఎన్నిసార్లు చేసినా తరగదు. స్థానం రేపటికి ఇచ్చేది. ఒకరికిస్తే మరొకరికి ఉండదు. ఒక్క రోజు పోటీ మనిషి సత్తాకంతటికీ కొలత కాదన్న మాటా నిజమే. అందుకే పోటీ మళ్ళీమళ్ళీ పెట్టాలి తప్ప, మానుకోకూడదు. ఏటికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని మా నేలమీద శనక్కాయ వేసే రైతుకు ఇది అనుభవం: నిరుటి పంట ఎంత బాగున్నా ఈ ఏడు చేను ఈ ఏటి వానతోనే పండాలి.

మహాభారతంలో కుమారాస్త్ర విద్యాప్రదర్శన గుర్తు చేసుకోండి. కర్ణుడు అర్జునుణ్ణి పిలిచాడు. కృపాచార్యుడు కులం అడిగాడు. ఆ రోజు పోటీ జరగలేదు. జరగని ఆ పోటీ కురుక్షేత్రం దాకా వెంటాడింది. కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని తెలుగువాళ్ళం నేటికీ తగువులాడుతూనే ఉన్నాం. ఢిల్లీలో ఓడిన నిఖత్‌కు ఆ గతి పట్టలేదు. తానెక్కడ వెనుకబడిందో తెలుసుకునే అవకాశం ఆమెకు దక్కింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో 50 కిలోలలో మళ్ళీ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో తొలి రోజుల్లోనే ఓడింది. ఆ వూ యూయే చివరికి స్వర్ణం గెలిచింది. రేపు నిఖత్‌ను కూడా ఏ ఊరూ పేరూ తెలియని అమ్మాయో సవాలు చేస్తుంది. ఆనాడు నిఖత్ ఆరు పతకాలను చూపి పోటీ వద్దంటే, ఆమెకూ నా సమాధానం ఇదే.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన సంస్థ పుణ్యమా అని మా అనంతపురంలో పల్లెటూరి ఆడపిల్లలు జూడో చాపమీద కాలు పెట్టారు. వాళ్ళకు పేరున్న తండ్రులు లేరు, సిఫారసు చేసేవాళ్ళు లేరు. తూకంలో తూగి, బరిలో ఎదుటివాళ్ళను పడగొట్టడమొక్కటే వాళ్ళ చేతిలో ఉన్నది. ఎంపిక పోటీ ఎత్తివేస్తే వాళ్ళకు మిగిలేదేమిటి?

ఖబీబ్, మఖాచేవ్‌ల తగువు కుర్రాళ్ళు హాయిగా తెల్లవార్లూ ఆడుకోవచ్చు. అది ఎన్నటికీ తేలదు, తేలకపోయినా ఎవరికీ నష్టం లేదు. తేల్చగలిగి కూడా తేల్చకుండా ఉంచే తగువులే ఎవరో ఒక పిల్ల బతుకును మింగుతాయి.